చక్రం దొరికింది, దారి దొరకలేదు

తెల్లవారుజామున ఐదున్నర. హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ వైపు సాగే రోడ్డు మీద వీధి దీపాలు ఇంకా ఆరలేదు. గాజు భవనాల పై అంతస్తుల్లో రాత్రంతా పని జరిగిన గదులు వెలుగుతూనే ఉన్నాయి. ఆ రోడ్డు ఎడమ అంచున, మురుగుకాలువ మూతల మీద ఎగిరిపడుతూ ఒక పాత సైకిలు వస్తుంటుంది. హ్యాండిల్ బారుకు టిఫిన్ డబ్బా సంచి, క్యారియరు మీద మడిచి కట్టిన నీలం చొక్కా. తొక్కే మనిషి ఒక బహుళ అంతస్తుల భవనం దగ్గర కాపలాదారు. చెమటపట్టిన చొక్కాతో గేటు దగ్గర నిలబడితే సూపర్‌వైజరు ఊరుకోడు. అందుకే యూనిఫాం క్యారియరు మీద వస్తుంది, మనిషి పాత టీషర్టులో వస్తాడు.

అతని పేరు ఇక్కడ అవసరం లేదు. దర్భంగా, మధుబని, సమస్తీపుర్ జిల్లాల నుంచి, గంజాం నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి ఇదే నగరంలో ఇలాంటి పనే చేస్తూ, ఇలాగే సైకిలు తొక్కే అనేకుల్లో అతనొకడు. గది నుంచి భవనానికి ఏడు కిలోమీటర్లు. పన్నెండు గంటల డ్యూటీ ముగిశాక మళ్లీ అంతే దూరం. షేర్ ఆటో ఎక్కవచ్చు. కానీ ఆటోకు పెట్టే ప్రతి రూపాయీ నెలాఖరున ఇంటికి పంపే డబ్బులోంచి తరుగుతుంది. మోటారు సైకిలు కొనాలంటే వాయిదాలు, ఆపైన పెట్రోలు. కాబట్టి సైకిలు. అతను పర్యావరణ పరిరక్షకుడూ కాదు, వ్యాయామప్రియుడూ కాదు. లెక్క తెలిసిన తండ్రి.

అతను పనిచేసే ప్రాంతానికి దగ్గరలోనే దేశమంతా చెప్పుకున్న ఒక సైకిలు దారి ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల పొడవున, నాలుగున్నర మీటర్ల వెడల్పున, పైన సౌర ఫలకాల కప్పుతో నిర్మించిన ఆ దారిని 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. ఎండ తగలదు, వాన తగలదు, పై కప్పు విద్యుత్తునూ ఇస్తుంది. ఆలోచన గొప్పదే. ఆదివారం ఉదయం అక్కడ ఖరీదైన సైకిళ్లు, శిరస్త్రాణాలు, రంగురంగుల బిగుతు దుస్తులు కనువిందు చేస్తాయి. ఆ తొక్కేవారిలో తప్పుపట్టవలసినది ఏదీ లేదు. చిక్కల్లా ఒకటే. ఆ దారి ఔటర్ వెంట పోతుంది, కాపలాదారు గది నుంచి భవనానికి పోయే తోవ ఔటర్ వెంట పోదు. అతనికి కావలసినది సౌర ఫలకాల కప్పు కాదు. తన వీధి చివర నుంచి తన గేటు దాకా, బస్సు చక్రం కిందికి జారకుండా వెళ్లగలిగిన ఒక గజం వెడల్పు రోడ్డు. అది ఏ శంకుస్థాపన శిలాఫలకం మీదా లేదు.

ఈ మనిషికి ఊళ్లో ఒక కూతురు ఉంది. దర్భంగా జిల్లాలోని ఆ ఊరికి ఉన్నత పాఠశాల నాలుగు కిలోమీటర్ల దూరం. తండ్రి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తల్లి బడి ముఖమే చూడలేదు. కూతురు మాత్రం తొమ్మిదిలో చేరి, పది దాటి, ఇప్పుడు ఇంటర్ ముగిస్తోంది. ఆ నాలుగు కిలోమీటర్లను దాటించినది ప్రభుత్వ సొమ్ముతో కొన్న సైకిలు.

బిహార్‌లో నితీశ్ కుమార్ ప్రభుత్వం 2006లో ఈ పథకాన్ని మొదలుపెట్టినప్పుడు చాలామంది దాన్ని మరో ఉచితంగానే లెక్కకట్టారు. తొమ్మిదో తరగతిలో చేరిన బాలికకు సైకిలు కొనుక్కోవడానికి మొదట్లో ఇచ్చినది 2,000 రూపాయలు. ఆ డబ్బు నడుమ చేతుల్లో ఆవిరైపోతుందని, సైకిలు అన్నదమ్ముల పాలవుతుందని, పాత ఇనుముగా అమ్ముడుపోతుందని అనుమానాలు వినిపించాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ ఆ పథకం ఫలితాలను లెక్కవేశారు. బాలికలు ఉన్నత పాఠశాలలో చేరడం 32 శాతం పెరిగింది, బాలబాలికల మధ్య ఉన్న అంతరం 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలోనే ఫలితం ఎక్కువగా కనబడింది. అంటే అక్కడ చదువుకు అడ్డుపడుతున్నవాటిలో దూరం చాలా పెద్దది. ఆ దూరంలో మళ్లీ భయం, సమయం, ఇంటి పని, ఊరి నోరు అన్నీ కలిసి ఉన్నాయి. రెండు చక్రాలు వాటన్నింటినీ ఒకేసారి చిన్నవి చేశాయి.

ఇందులో మరొక సంగతి ఉంది. ఒక్క అమ్మాయి సైకిలెక్కితే ఊరు చూస్తుంది, మాట్లాడుతుంది. ఇరవైమంది ఒకేసారి ఎక్కితే ఊరు పక్కకు జరిగి దారి ఇస్తుంది. పథకం తరగతిలోని బాలికలందరికీ వర్తించడంతో గుంపులు గుంపులుగా బడికి వెళ్లడం మామూలు దృశ్యమయింది. వింత ఎప్పుడు మామూలవుతుందో అప్పుడే సంఘంలో మార్పు వచ్చినట్టు.

ఈ కథకు మూలం బిహార్ కంటే ముందే తమిళనాడులో ఉంది. 1990ల మొదట్లో పుదుక్కోట్టై జిల్లాలో అరివొళి ఇయక్కం పేరిట అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ అక్షరంతో పాటు సైకిలునూ ఆ ఉద్యమంలో భాగం చేశారు. లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు తొక్కడం నేర్చుకున్నారు. వ్యవసాయ కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవారు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ముస్లిం కుటుంబాల యువతులు అందరూ వారిలో ఉన్నారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ ఆ ఉద్యమాన్ని దగ్గరగా చూసి రాసిన వ్యాసంలో ఒక చిన్న వివరం ఉంది. ఆడవాళ్ల సైకిళ్లు సరిపడా దొరకక చాలామంది మగవాళ్ల సైకిళ్లే నేర్చుకున్నారు. తీరా కొందరికి అవే నచ్చాయి. సీటుకూ హ్యాండిల్ బారుకూ మధ్యనుండే అడ్డకమ్మీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు కదా! పథకాలు రచించే వారికి తట్టని ఉపయోగం బిడ్డ తల్లికి తట్టింది.

తరువాతి సంవత్సరాల్లో సైకిలు రాష్ట్రాల సరిహద్దులు దాటింది. తమిళనాడులో 2001-02లో ఎస్సీ, ఎస్టీ బాలికలతో మొదలై ఇతర విద్యార్థులకూ విస్తరించింది. పశ్చిమ బెంగాల్‌లో 2015లో మొదలైన సబూజ్ సాథీ కింద కోటికి పైగా సైకిళ్లు పంచారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు ఇచ్చారు. పార్టీలు వేరు, జెండాలు వేరు. ఓట్ల లెక్క మాత్రం అందరిదీ ఒకటే. ఆ లెక్కలోంచి మంచి పుట్టినందుకు చింతించనక్కరలేదు. ప్రజాస్వామ్యంలో మంచి పనులు చాలావరకు అలాగే పుడతాయి.

ఫలితం అంకెల్లోనూ కనబడింది. బడికి సైకిలు మీద వెళ్లే విద్యార్థుల వాటా 2007, 2017 సంవత్సరాల మధ్య దాదాపు 6.6 శాతం నుంచి 11.2 శాతానికి పెరిగిందని ఢిల్లీ ఐఐటీ పరిశోధకులు జాతీయ సర్వేల ఆధారంగా తేల్చారు. గ్రామీణ బాలికల్లో ఆ వాటా రెట్టింపు కంటే ఎక్కువగా పెరిగింది. నగరాల్లో మాత్రం చెప్పుకోదగిన మార్పు లేదు.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగాలి. పల్లెలో పెరిగినది నగరంలో ఎందుకు పెరగలేదు? నగరంలో దూరాలు లేవా, పేదలు లేరా, ఆటో చార్జీలు లేవా? అన్నీ ఉన్నాయి. 2001, 2011 జనగణనలను పక్కపక్కన పెట్టి చూసినా ఇదే తేడా. ఆ పదేళ్లలో సైకిలు ఉన్న గ్రామీణ కుటుంబాల వాటా 42.8 నుంచి 46.2 శాతానికి పెరిగింది, పట్టణ కుటుంబాల వాటా 46 నుంచి 41.9 శాతానికి తగ్గింది. పట్టణంలో మోటారు సైకిలు కొనగలిగినవారు కొనుక్కున్నారు, అది సహజం. కానీ కొనలేనివారూ సైకిలు దిగిపోయారంటే, అందులో రోడ్డు పాత్ర ఉన్నట్టే. పల్లె రోడ్డు మీద సైకిలుకు ఇంకా చోటు ఉంది. నగరం ఆ చోటును ఫ్లైఓవర్లకు, సిగ్నల్ లేని మలుపులకు, పార్కింగుకు ఇచ్చివేసింది.

ఇక్కడే రాజకీయం ప్రవేశిస్తుంది. ఈ దేశంలో సైకిలుకు గుర్తుగా ఉన్న గౌరవం వాహనంగా లేదు. తెలుగుదేశం, సమాజ్‌వాదీ పార్టీల ఎన్నికల గుర్తు సైకిలే. 1995 సంక్షోభం తరువాత తెలుగుదేశంలోనూ, 2017 జనవరిలో సమాజ్‌వాదీ పార్టీలోనూ సైకిలు ఎవరిదన్న తగవు ఎన్నికల సంఘం దాకా వెళ్లింది. ఒకచోట మామా అల్లుళ్లు, మరొకచోట తండ్రీ కొడుకులు. 2022 ఫిబ్రవరిలో హర్దోయి ఎన్నికల సభలో ప్రధాని నరేంద్ర మోదీ, 2008 నాటి అహ్మదాబాద్ పేలుళ్లలో బాంబులను సైకిళ్లకు అమర్చిన సంగతిని ప్రస్తావించి, సైకిలునే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్న వేశారు. సైకిలును అవమానించడమంటే దేశాన్నే అవమానించడమని అఖిలేశ్ యాదవ్ బదులిచ్చారు. రెండు రోజులు టెలివిజన్ చర్చలు మారుమోగాయి. ఆ రెండు రోజుల్లోనూ ఉత్తరప్రదేశ్ రోడ్ల మీద పాల క్యాన్లు వేలాడదీసుకుని, గ్యాసు సిలిండరు కట్టుకుని, పిల్లను ముందు కూర్చోబెట్టుకుని తొక్కుతున్నవారి గురించి ఒక్క ప్రశ్నా రాలేదు.

అఖిలేశ్ ముఖ్యమంత్రిగా ఉండగా 2016లో ఇటావా నుంచి ఆగ్రా దాకా 207 కిలోమీటర్ల సైకిలు మార్గాన్ని ప్రారంభించారు. గుర్తుకు తగిన కానుక అనిపించవచ్చు. అయితే రోజూ పనికి తొక్కే మనిషి 207 కిలోమీటర్లు వెళ్లడు. అతని ప్రయాణం ఐదు, ఏడు, మహా అయితే పది. ఇటావా నుంచి ఆగ్రాకు దారి వేయడం సులువు. ఒక పట్టణం నడిబొడ్డున మండీ దగ్గర, రైలు గేటు దగ్గర, కలెక్టరాఫీసు ముందు రెండు గజాలు విడిచిపెట్టమనడమే కష్టం. ఎందుకంటే అక్కడ ఆ రెండు గజాలను ఇంకెవరి నుంచైనా తీసుకోవాలి.

తీసుకుంటే ఏమవుతుందో ఢిల్లీ చూపించింది. 2008లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సు కారిడార్ వేసినప్పుడు దానిలో సైకిళ్లకు ప్రత్యేక దారి ఇచ్చారు. ఆ రోడ్డు మీద కార్లకు చోటు తగ్గింది, కోపం పెరిగింది. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. 2012 అక్టోబరులో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. అయినా కారిడార్ నిలవలేదు. 2016లో దాన్ని కూల్చివేశారు. కూల్చినది సామాన్యుడి పేరే పార్టీ పేరుగా పెట్టుకున్న ప్రభుత్వం. నిర్మాణంలో లోపాలు ఉన్నమాట నిజమే. కానీ లోపాలున్న ఫ్లైఓవర్‌ను సరిచేస్తారు, లోపాలున్న సైకిలు దారిని తీసివేస్తారు.

కోల్‌కతా ఉదాహరణ ఇంకా విచిత్రం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దాదాపు సగం కుటుంబాలకు సైకిలు ఉంది. అందరికంటే ముందున్నది పశ్చిమ బెంగాల్, అక్కడ దాదాపు 79 శాతం కుటుంబాలకు ఉంది. ఆ రాష్ట్ర రాజధానిలో 2013లో పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. నిరసనల తరువాత ఆ జాబితా తగ్గింది కాని నిషేధం పోలేదు. పాలు పోసేవారు, పత్రికలు వేసేవారు, కూరగాయలు అమ్మేవారు జరిమానాలు కట్టారు. సబూజ్ సాథీ సైకిళ్లు పంచుతున్న ప్రభుత్వమూ, ఆ నిషేధం అమలవుతున్న ప్రభుత్వమూ ఒక్కటే. ఒక చేత్తో చక్రం ఇచ్చి, రెండో చేత్తో దారి మూయడమంటే ఇదే.

పన్నులోనూ ఇదే చూపు. 2019 ఆగస్టు నుంచి విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 5 శాతం. పెట్రోలూ తాగని, విద్యుత్తూ అడగని సైకిలు మీద 12 శాతం. లక్షల రూపాయల విద్యుత్ కారు మీద కంటే కొన్ని వేల రూపాయల సైకిలు మీద పన్ను రేటు ఎక్కువన్నమాట. 2025 సెప్టెంబరులో దాన్ని 5 శాతానికి తగ్గించారు. ఆరేళ్లకు పైగా ఈ తేడా కొనసాగిందంటే కారణం దురుద్దేశం కాకపోవచ్చు. సైకిలు కొనేవాడు పన్ను గురించి మాట్లాడే గదిలో ఎప్పుడూ లేడు, అంతే.

లేడని అనడానికి అతను తక్కువవాడా? 2011 జనగణన మొదటిసారిగా, వ్యవసాయేతర పనులకు వెళ్లేవారు ఎలా ప్రయాణిస్తారని అడిగింది. సైకిలు మీద వెళ్తామన్నవారు దాదాపు 2.6 కోట్లు. మోటారు ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారి కంటే కాస్త ఎక్కువ, కార్లలో వెళ్లేవారికి ఎన్నో రెట్లు. ఆ తరువాత జనగణనే జరగలేదు. 2027లో జరగబోయే లెక్కలో ఆ సంఖ్య ఎంతకు మారిందో తెలియాలి. ఈలోగా వారిని క్రమం తప్పకుండా లెక్కపెడుతున్న పట్టిక ఒకటే ఉంది, అది రోడ్డు ప్రమాదాల పట్టిక. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సైకిలు తొక్కేవారు 4,800కు పైగా. అంటే రోజుకు పదమూడు మంది. మరునాటి పత్రికలో జిల్లా పేజీ అడుగున రెండు అంగుళాల వార్త. గుర్తు తెలియని వాహనం ఢీకొని సైక్లిస్టు మృతి. వాహనమూ గుర్తు తెలియదు, చాలాసార్లు మనిషీ గుర్తు తెలియడు.

దేశం ఈ మనిషిని ఒక్కసారి మాత్రం కళ్లారా చూసింది. 2020 వేసవిలో లాక్‌డౌన్ రోజుల్లో రైళ్లు, బస్సులు ఆగిపోయినప్పుడు వేలమంది సైకిళ్ల మీద ఊళ్లకు బయలుదేరారు. కొందరు చేతిలో ఉన్న ఆఖరి డబ్బుతో సైకిలు కొన్నారు. గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని పదిహేనేళ్ల బాలిక గురుగ్రామ్ నుంచి దర్భంగా జిల్లాకు దాదాపు 1,200 కిలోమీటర్లు తొక్కింది. అప్పటి అమెరికా అధ్యక్షుడి కుమార్తె దాన్ని ప్రేమకూ సహనానికీ ప్రతీకగా మెచ్చుకున్నారు. సైక్లింగ్ సమాఖ్య ఎంపిక పరీక్షకు పిలిచింది. మెచ్చుకోలు నిజమైనదే కావచ్చు. కానీ ఆ బాలిక పోటీకి బయలుదేరలేదు, గదికి అద్దె కట్టలేక బయలుదేరింది. అవసరాన్ని సాహసంగా మార్చి చెప్పుకుంటే, ఆ అవసరం ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మర్యాదగా తప్పుకుంటుంది.

అదే ఏడాది జూన్ 3న, ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, దేశపు పాత సైకిలు కంపెనీల్లో ఒకటైన అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారంలో పని ఆపివేసింది. ఉదయం డ్యూటీకి వచ్చిన కార్మికులకు గేటు మీద నోటీసు కనబడింది. వారిలోనూ సైకిళ్ల మీద వచ్చినవారు ఉండే ఉంటారు.

మధ్యతరగతి సైకిలెక్కితే కథ మారుతుందా? పొరుగున శ్రీలంక ఆ పరీక్షనూ చూసింది. 2022లో విదేశీ మారకద్రవ్యం అడుగంటి, పెట్రోలు బంకుల ముందు వరుసలు రోజుల తరబడి సాగాయి. జూన్ చివరిలో అత్యవసర సేవలకు తప్ప ఇంధనం అమ్మరాదని ప్రభుత్వం ఆదేశించింది. కొలంబోలో సైకిలు దుకాణాలు ఖాళీ అయ్యాయి, ధరలు చుక్కలనంటాయి. ఉద్యోగులు, వైద్యులు కూడా తొక్కారు. అప్పటిదాకా పేదవాడి ఆనవాలుగా ఉన్నది కొన్ని నెలలు అందరి ఆసరా అయింది. ఆ తరువాత కోటా పద్ధతిలో ఇంధనం దొరకడం మొదలై, మోటారు వాహనాలు మళ్లీ రోడ్లకెక్కాయి. కొరత సైకిలు ఎక్కించగలదు కాని, దారి వేయలేదు. దారి వేయవలసినది కొరత లేని రోజుల్లో, తీరిగ్గా, చట్టంతో.

మన దగ్గర కాగితం మీద ఆ మాట ఉంది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, కదలవలసినవి వాహనాలు కావు, మనుషులు అన్న సూత్రాన్ని ఒప్పుకుంది. 2020లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సైకిళ్లకు అనువుగా వీధులను మార్చే పోటీని నగరాల ముందు ఉంచింది. వందకు పైగా నగరాలు పేరు నమోదు చేసుకున్నాయి. చివరికి ఎంపికైన పదకొండింటిలో మన వరంగల్ కూడా ఉంది. ప్లాస్టిక్ దిమ్మెలు, తెల్ల రంగు గీతలతో ప్రయోగాత్మక దారులు వెలిశాయి. అయితే రంగు గీత దానంతట అది దారి కాదు. దాని మీద ఆగిన మొదటి కారును తీయించినప్పుడే అది దారి అవుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, పాదచారులకూ మోటారు లేని వాహనాలకూ సంబంధించి నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. అధికారం రెండువైపులా పదునున్నది. దానితో సైకిలుకు చోటు కేటాయించనూ వచ్చు, కోల్‌కతాలో వలె సైకిలును రోడ్డు దింపనూ వచ్చు.

చూడగా చూడగా తేలేది ఒకటే. రాజ్యానికి సైకిలు మనిషి రెండు రూపాల్లోనే తెలుసు. బడి మెట్ల దగ్గర లబ్ధిదారుగా, బ్యాలట్ యంత్రం మీద గుర్తుగా. మొదటి రూపంలో అతనికి, ముఖ్యంగా ఆమెకు, సైకిలు అందింది. అది చిన్న విషయం కాదు. కానీ లబ్ధి ఒకసారి చేతికి ఇచ్చి ఫొటో తీసుకునేది. దారి రోజూ ఇవ్వవలసినది. లబ్ధికి కృతజ్ఞత దక్కుతుంది. దారి ఇస్తే, దాన్ని కోల్పోయినవారి కోపం దక్కుతుంది. సైకిలు ఇవ్వడానికి ఖజానా చాలు, దారి ఇవ్వడానికి ధైర్యం కావాలి. అందుకే ఇరవై ఏళ్లలో ఇన్ని ప్రభుత్వాలు మొదటిది చేశాయి, రెండోదాని దగ్గర ఆగాయి.

2006లో బిహార్‌లో మొదటి సైకిలు అందుకున్న బాలికలకు ఇప్పుడు ముప్ఫై దాటాయి. వారిలో కొందరు ఉపాధ్యాయినులు, నర్సులు, పంచాయతీ సభ్యులు. మరికొందరు భర్తలతో పాటు ఢిల్లీకి, సూరత్‌కు, హైదరాబాద్‌కు వచ్చి ఉంటారు. పద్నాలుగేళ్ల వయసులో ఊరి మధ్య నుంచి బెల్లు కొట్టుకుంటూ వెళ్లినవారు, ఈ నగరాల్లో ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడుతున్నారు. పల్లె వారికి ఇచ్చిన స్వేచ్ఛను నగరం నిశ్శబ్దంగా వెనక్కి తీసుకుంది. దీన్ని ఏ పథకం మదింపూ లెక్కలోకి తీసుకోదు.

కాపలాదారు భవనం చేరేసరికి ఆరున్నర దాటుతుంది. నేలమాళిగలో మూడు అంతస్తుల పార్కింగు ఉంది, కార్లకు ఒకవైపు, మోటారు సైకిళ్లకు ఒకవైపు గీతలు గీసి ఉన్నాయి. సైకిలుకు గీత లేదు. జనరేటరు గది వెనక గోడకు ఆనించి తాళం వేస్తాడు. కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, క్యారియరు మీది నీలం చొక్కా విప్పి తొడుక్కుంటాడు. పనిలో కూర్చునేలోపు ఇంటికి ఒక ఫోను.

కూతురికి ఇంటర్ ఫలితాలు రావలసి ఉంది. ఆ తరువాత నర్సింగ్ చదవాలని కోరిక, వీలైతే తండ్రి ఉన్న నగరంలోనే. సీటు, ఫీజు, ఉండటానికి గది గురించి మాట్లాడుకున్నాక ఆమె మరో మాట అడిగింది.

“బాబూజీ, అక్కడ కాలేజీకి సైకిలు మీద పోవచ్చా?”

నాలుగేళ్లుగా రోజూ నాలుగు కిలోమీటర్లు వెళ్లి వచ్చిన పిల్ల. తనకంటే బాగా తొక్కుతుంది. పంక్చరు వేయడం కూడా వచ్చు. ఆ మాటలన్నీ అతనికి తెలుసు. ఉదయం మలుపు దగ్గర కంపెనీ బస్సు ఒకటి ఎంత దగ్గరగా దూసుకుపోయిందో కూడా అతనికి తెలుసు.

“ముందు రిజల్టు రానీ బేటీ, అప్పుడు చూద్దాం” అని ఫోను పెట్టేశాడు.

అప్పటికే గేటు ముందు మొదటి కారు వచ్చి ఆగి, హారన్ కొట్టింది. అతను లేచి, అడ్డుగా ఉన్న కర్రను పైకెత్తి, దారి ఇచ్చాడు.